వ్యవస్థదా, వ్యక్తిదా? అమెరికా జాతి అసమానతపై వాదనను ఆధారాలతో నడిపే పద్ధతి

అమెరికాలో నల్లజాతి కుటుంబాలకూ తెల్లజాతి కుటుంబాలకూ మధ్య ఉన్న ఆర్థిక అంతరం గురించి మాట మొదలైతే, కొద్ది నిమిషాల్లోనే అది రెండు పక్షాలుగా చీలిపోతుంది. ఒకరు బానిసత్వాన్నీ, చట్టం అండతో సాగిన వివక్షనూ, నేటికీ కనిపించే పక్షపాతాన్నీ ఎత్తి చూపుతారు. మరొకరు చదువు, కుటుంబం, క్రమశిక్షణ, కష్టపడే తత్వం అంటారు. అక్కడి నుంచి ఎవరి మాట ఎవరికీ వినిపించదు. ఈ వాదనలను చాలాకాలంగా గమనిస్తూ వచ్చిన నాకు స్పష్టంగా తెలిసింది ఒకటుంది: వీరిద్దరూ చాలావరకు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఒకే ప్రశ్న మీద పోట్లాడుకుంటున్నామని అనుకుంటున్నారు. ఆ ప్రశ్నలను విడదీసి, ప్రతిదానికీ దానికి తగిన ఆధారాన్ని ఎలా వెతకాలో వరుసగా చెప్పడానికే ఈ మార్గదర్శి.

మొదటి అడుగు: ముందు ప్రశ్నలను విడదీయండి

"చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ" అన్న సామెత మనందరికీ తెలుసు. ఒక మనిషి జీవితం గురించి మాట్లాడేటప్పుడు అందులో చాలా నిజముంది. అదే సామెతను నాలుగు కోట్లకు పైగా ఉన్న ఒక జనసమూహానికి వర్తింపజేస్తే మాత్రం అర్థమే మారిపోతుంది. ఒక వ్యక్తి చదువు మధ్యలో మానేస్తే దానికి అతని నిర్ణయం కారణం కావచ్చు. ఒక సమూహమంతా తరాల తరబడి ఒకే వైపు వెనుకబడి ఉంటే మాత్రం, అంతమంది విడివిడిగా ఒకే పొరపాటు చేశారని చెప్పడం వివరణ కాదు. అందరూ ఎందుకు అలా చేయవలసి వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

కాబట్టి మూడు ప్రశ్నలను వేరు చేయాలి. సమూహాల మధ్య ఈ అంతరం ఎలా ఏర్పడింది? ఇప్పుడు ఈ పరిస్థితిలో ఉన్న ఒక మనిషి తన జీవితం బాగుపడడానికి ఏం చేయాలి? అంతరాన్ని తగ్గించే ఖర్చూ శ్రమా ఎవరు భరించాలి? మొదటిది చరిత్రకూ గణాంకాలకూ సంబంధించినది, రెండవది జీవితానికి సంబంధించినది, మూడవది రాజకీయ, నైతిక నిర్ణయం. మొదటి ప్రశ్నకు వ్యవస్థ అని జవాబు చెప్పిన మనిషి, రెండవ ప్రశ్నకు శ్రమ, చదువు, బాధ్యత అని చెప్పవచ్చు. అందులో వైరుధ్యం ఏమీ లేదు. ఒక తల్లి తన బిడ్డతో "లోకం నీకు అన్యాయం చేస్తుంది, అయినా నువ్వు పుస్తకం మూయకూడదు" అని ఒకే ఊపిరిలో అనగలదు, నిజానికి లెక్కలేనంత మంది నల్లజాతి తల్లులు అలాగే అన్నారు.

రెండవ అడుగు: ఏ అంతరం గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

ఆదాయం, సంపద, జైలు శిక్షలు, ఆయుర్దాయం, పాఠశాల మార్కులు అన్నీ వేర్వేరు అంతరాలు, ఒక్కొక్కదాని వెనుక కథ వేరు. అందులో ఆదాయాన్నీ సంపదనూ కలిపేయడం అతి సాధారణమైన పొరపాటు. ఆదాయం కాలువలో పారే నీరు, సంపద చెరువులో నిలిచిన నీరు. ఈ ఏడాది కాలువ ఎంత బాగా పారినా, తాతల కాలం నుంచి నిండుతూ వచ్చిన చెరువుతో అది సాటి రాదు. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ 2022లో జరిపిన కుటుంబ ఆర్థిక సర్వే ప్రకారం, తెల్లజాతి కుటుంబాల మధ్యగత నికర సంపద (అప్పులు పోగా మిగిలే ఆస్తిని బట్టి వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలిచే కుటుంబానిది) సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది సుమారు 44,900 డాలర్లు, అంటే ఆరో వంతు. ఆదాయంలో తేడా ఇంత పెద్దది కాదు. సంపద వారసత్వంగా వచ్చేది కాబట్టి, దాని గురించి మాట్లాడేవారు చరిత్రలోకి వెళ్లక తప్పదు. నేటి జీతాల తేడా గురించి మాట్లాడేవారు నేటి ఉద్యోగ విపణిని చూడాలి.

మూడవ అడుగు: "వ్యవస్థ" అన్నప్పుడు చట్టం పేరు, ఏడాది, అది పనిచేసిన తీరు చెప్పండి

వ్యవస్థాగత కారణాలను నమ్మేవారు చేసే పెద్ద తప్పు ఆ మాటను పొగలా వాడడం. "అంతా వ్యవస్థే" అని ఊరుకుంటే, వినేవారికి అది సాకులాగే వినిపిస్తుంది, వారిని తప్పుపట్టలేం. ఇందుకు విరుగుడు ఒకటే: ఏ సంస్థ, ఏ ఏడాది, ఏ నిబంధన పెట్టింది, దానివల్ల ఎవరి చేతికి ఏది రాకుండా పోయింది అన్నది చెప్పాలి.

ఒక గోడను ఉదాహరణగా తీసుకుందాం. డెట్రాయిట్ నగరంలో ఎయిట్ మైల్ రోడ్డుకు దగ్గరలో సుమారు ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు ఉన్న కాంక్రీటు గోడ ఒకటుంది. 1941లో దాన్ని కట్టింది ఒక గృహ నిర్మాణ వ్యాపారి. పక్కనే నల్లజాతి వారు నివసించే వాడ ఉన్నందున, అతను కట్టదలచిన ఇళ్ల రుణాలకు బీమా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ మొదట ఒప్పుకోలేదు. రెండు వాడలనూ వేరుచేస్తూ గోడ కట్టాక బీమా దొరికింది. ఆ గోడలో చాలా భాగం ఇప్పటికీ నిలిచి ఉంది, దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు. "వ్యవస్థ" అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, దాన్ని చేత్తో తాకి చూడవచ్చు.

ఆ గోడ వెనుక ఉన్న యంత్రాంగం ముఖ్యం. 1934లో ఏర్పడిన ఆ ఫెడరల్ సంస్థ స్వయంగా అప్పులు ఇవ్వలేదు, బ్యాంకులు ఇచ్చే ఇంటి రుణాలకు హామీ పడింది. ఆ హామీ ఉంటే తక్కువ ముందస్తు సొమ్ముతో, తక్కువ వడ్డీకి, దీర్ఘకాలిక వాయిదాలతో సాధారణ కార్మికుడికి కూడా ఇల్లు చేతికొచ్చేది. సంస్థ అధికారిక మార్గదర్శకాలు మాత్రం జాతులు కలిసి ఉండే వాడలను ప్రమాదకరమైనవిగా లెక్కగట్టాయి, నల్లజాతి వారికి ఇల్లు అమ్మకూడదన్న షరతులను దస్తావేజుల్లోనే రాసుకోవడాన్ని ప్రోత్సహించాయి. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తీర్పు చెప్పింది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. దాన్ని గట్టిగా అమలు చేసే అధికారం 1988 సవరణలతో గానీ రాలేదు.

ఇలాంటి రుణం దొరకని నల్లజాతి కుటుంబాలకు షికాగోలో మిగిలిన దారి "కాంట్రాక్టు కొనుగోలు". ఆ పద్ధతిలో, కొన్నవారు ముందస్తు సొమ్ము కట్టి, నెలనెలా వాయిదాలు కట్టి, మరమ్మతులు కూడా తామే చేయించుకునేవారు. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇంటి మీద హక్కు మాత్రం అమ్మినవాడిదే. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ, అప్పటిదాకా కట్టిన సొమ్మూ రెండూ పోయేవి, అమ్మకందారు అదే ఇంటిని మరో కుటుంబానికి అమ్ముకునేవాడు. నెలనెలా డబ్బు కట్టడానికి రెండేసి ఉద్యోగాలు చేసినవారిని బాధ్యత లేనివారని ఎవరు అనగలరు? వారి బాధ్యత వారు నెరవేర్చారు, దాని ఫలితం మరొకరి ఖాతాలో జమ అయింది. 1968లో లాన్‌డేల్ ప్రాంతంలో ఆ కొనుగోలుదారులే సంఘం కట్టి, వాయిదాలు ఆపి, పోరాడారు. 1968లో పాతికేళ్ల వయసున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి, ఆయన మనుమలు కాలేజీ రుణాలు కడుతున్న వయసులో ఉన్నారు. దీన్ని పాత చరిత్ర అని కొట్టిపారేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇదే అడుగులో మరో జాగ్రత్త కూడా ఉంది: మీ పక్షానికి అనుకూలంగా ఉన్న ఆధారాన్ని కూడా పరీక్షించండి. 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే మరో ప్రభుత్వ సంస్థ గీయించిన, కొన్ని వాడలను రుణాలకు ప్రమాదకరమని ఎర్ర రంగుతో గుర్తించిన పటాలను చాలామంది చూపిస్తారు. ఆ ఎర్ర ప్రాంతాల్లో నివసించినవారిలో ఎక్కువమంది తెల్లవారేనని, ఆ కార్పొరేషన్ నల్లజాతి వారికి కూడా రుణాలిచ్చిందని ఆర్థిక చరిత్రకారులు తర్వాత తేల్చారు. నల్లజాతి కుటుంబాలలో అత్యధికులు ఎర్ర ప్రాంతాల్లోనే ఉండేవారన్నదీ నిజమే. అయితే అసలు నష్టం ఎక్కువగా జరిగింది హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ బీమా నిబంధనలతో. పటం చూపించి ఊరుకున్నవారు, ఎదుటివారు ఈ విషయం ఎత్తగానే నీరుగారిపోతారు. యంత్రాంగం తెలిసినవారికి ఆ ఇబ్బంది లేదు.

వ్యవస్థ పనిచేయడానికి ప్రతిసారీ దురుద్దేశం ఉండనక్కరలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం 5 గ్రాముల క్రాక్ కొకెయిన్‌కు (పొగగా పీల్చే గడ్డల రూపం), 500 గ్రాముల పొడి కొకెయిన్‌కు ఒకే శిక్ష, అంటే కనీసం ఐదేళ్ల జైలు విధించింది. క్రాక్ కేసుల్లో శిక్ష పడినవారిలో అత్యధికులు నల్లజాతి వారు. అయితే తమ వీధుల్లో మత్తుమందు చేస్తున్న నాశనాన్ని కళ్లారా చూసి ఆనాడు కఠిన చర్యలు కోరినవారిలో నల్లజాతి నాయకులు కూడా ఉన్నారు. 2010లో ఆ 100కి 1 నిష్పత్తిని 18కి 1గా తగ్గించారు. ఎవరి మనసులో ఏముందన్న చర్చను పక్కన పెట్టి, నిబంధన ఏం చేసిందన్నదే చూస్తే వాదన సగం చల్లబడుతుంది.

నాలుగవ అడుగు: బాధ్యత వాదాన్ని దాని బలమైన రూపంలో వినండి

ఈ వాదాన్ని "జాత్యహంకారం" అని ఒక్క మాటతో తోసిపుచ్చడం అన్యాయం. దాని బలమైన రూపం ఇలా ఉంటుంది. 1965లో ప్రభుత్వ అధికారి డేనియల్ పాట్రిక్ మోయినిహాన్ కార్మిక శాఖ కోసం నల్లజాతి కుటుంబాలపై నివేదిక రాసేనాటికి, నల్లజాతి శిశువులలో దాదాపు నాలుగో వంతు వివాహం కాని తల్లులకు పుట్టినవారు. చట్టబద్ధమైన వివక్ష ముగిసిన తర్వాతి దశాబ్దాలలో అది సుమారు 70 శాతానికి పెరిగింది. వివక్ష తగ్గుతున్న కాలంలోనే కుటుంబం బలహీనపడితే, దానికి వివక్ష ఒక్కటే కారణమని ఎలా అంటారు? పైగా, హైస్కూలు పూర్తిచేసి, పూర్తికాల ఉద్యోగంలో చేరి, పెళ్లయ్యాకే పిల్లలను కన్నవారిలో పేదరికం చాలా తక్కువ. ఈ దారి అందరికీ తెరిచి ఉన్నప్పుడు దాన్ని చెప్పకపోవడమే పిల్లలకు ద్రోహం. నీ చేతుల్లో ఏమీ లేదని పదే పదే విన్న పిల్లవాడు ప్రయత్నమే మానేస్తాడు.

ఈ వాదంలో బరువుంది, చివరి వాక్యంలో మరీను. అయినా ఇక్కడ ఆగకూడదు. అదే కాలంలో తెల్లజాతి శిశువుల విషయంలో కూడా ఆ శాతం దాదాపు 3 నుంచి 30కి దగ్గరగా పెరిగింది. అంటే రెండు జాతులనూ కుదిపిన మార్పు ఏదో ఉంది, చదువు తక్కువైన పురుషులకు మంచి జీతమిచ్చిన ఫ్యాక్టరీ ఉద్యోగాలు మాయం కావడం అందులో ఒకటి. అది ముందుగా, గట్టిగా తగిలింది నగరాల మధ్యలో నివసించే నల్లజాతి కార్మికులకు. ప్రవర్తన ఒక కారణమే అని ఒప్పుకున్నా, ఆ ప్రవర్తన ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. "పూర్తికాల ఉద్యోగంలో చేరడం" అన్న మెట్టు కూడా నిర్ణయంతో పాటు అవకాశం మీదా ఆధారపడినదే, అడిగిన వెంటనే ఉద్యోగం దొరకదు కదా.

నల్లజాతి సమాజంలో స్వయంకృషి బోధనకు పెద్ద సంప్రదాయమే ఉందన్నది కూడా చెప్పాలి. 1881లో అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను మొదలుపెట్టిన నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, 1895లో అట్లాంటాలో చేసిన ప్రసంగంలో, హక్కుల పోరాటం కన్నా ముందు చేతిపనీ ఆస్తీ సంపాదించుకుందాం అన్నారు. నల్లజాతి మేధావి, హక్కుల నాయకుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఆ వైఖరిని తీవ్రంగా విమర్శించారు. పాఠ్యపుస్తకాలలో ఈ ఇద్దరినీ బాధ్యతకూ హక్కులకూ ప్రతీకలుగా ఎదురెదురుగా నిలబెడతారు. కానీ అదే వాషింగ్టన్, నల్లజాతి వారి ఓటుహక్కును లాగేసుకున్న అలబామా నిబంధనల మీద నడిచిన కేసులకు రహస్యంగా డబ్బు ఇచ్చారు. స్వయంకృషిని అంతగా బోధించిన మనిషికే అది ఒక్కటీ సరిపోదని తెలుసు. మరోవైపు కింగ్, 1967 అక్టోబరులో ఫిలడెల్ఫియా విద్యార్థులతో మాట్లాడుతూ, చేసే పని ఏదైనా దాన్ని అత్యుత్తమంగా చేయమని నొక్కి చెప్పారు. నాకు ఈ రెండు ఉదాహరణలూ చాలా విలువైనవి, ఎందుకంటే ఈ బరువును నిజంగా మోసినవారు ఈ రెండు మాటలనూ ఎప్పుడూ విడదీయలేదు.

ఐదవ అడుగు: మిగతాదంతా సమానంగా ఉంచి చూసిన అధ్యయనాలను వెతకండి

రెండు సమూహాల సగటులను పోల్చితే ఎవరికి నచ్చిన కారణాన్ని వారు చెప్పుకోవచ్చు. అందుకే ఒక్కటి తప్ప మిగతావన్నీ సమానంగా ఉంచిన పరీక్షలు విలువైనవి. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. అర్హతలు సమానంగా ఉంచి, పేర్లు మాత్రం మార్చారు. తెల్లవారిలో వినిపించే పేర్లకు, నల్లవారిలో వినిపించే పేర్లకన్నా సుమారు 50 శాతం ఎక్కువగా ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. మిల్వాకీ నగరంలో జరిగిన మరో పరీక్షను సామాజిక శాస్త్రవేత్త డెవా పేజర్ 2003లో ప్రచురించారు. అందులో జైలు రికార్డు ఉందని చెప్పుకున్న తెల్ల యువకులకు 17 శాతం, ఏ రికార్డూ లేని నల్ల యువకులకు 14 శాతం పిలుపులు వచ్చాయి. ఇక్కడ బాధ్యతగా నడుచుకోవడం వల్ల లాభం ఉంది, ఎందుకంటే రికార్డు ఉన్న నల్ల యువకులకు 5 శాతమే వచ్చాయి. కానీ ఒకే మంచి నడవడికి ఇద్దరికీ ఒకే ఫలం దక్కలేదు. ఈ రెండు పరీక్షలూ చూపించేది ఉద్యోగ ద్వారం దగ్గరి వివక్షను. మొత్తం సంపద అంతరానికి ఇవే కారణమని చెప్పడానికి అవి చాలవు, అంతదూరం లాగకూడదు.

ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహపరిశోధకులు 2018లో విడుదల చేసిన అధ్యయనం, రెండు పక్షాల సిద్ధ కథలనూ ఇబ్బంది పెడుతుంది. ఒకే ఆదాయం ఉన్న తల్లిదండ్రులకు పుట్టి, ఒకే వాడలో పెరిగినా, నల్లజాతి మగపిల్లలు పెద్దయ్యాక తెల్లజాతి మగపిల్లలకన్నా తక్కువ సంపాదిస్తున్నారు, దాదాపు దేశంలోని అన్ని వాడల్లోనూ ఇదే పరిస్థితి. తల్లిదండ్రుల పేదరికమే కారణమన్న వివరణ ఇక్కడ సరిపోదు. అదే ఆడపిల్లల విషయంలో, తల్లిదండ్రుల ఆదాయం సమానమైతే, వ్యక్తిగత సంపాదనలో రెండు జాతుల మధ్య దాదాపు తేడా లేదు. ఒకే కుటుంబాల్లో, ఒకే సంస్కృతిలో పెరిగిన అక్కాచెల్లెళ్లలో కనబడని అంతరం అన్నదమ్ముల్లో కనబడుతుంటే, "సంస్కృతి" అన్న మాట కూడా దాన్ని వివరించలేదు. నల్లజాతి మగపిల్లలు మెరుగ్గా రాణించిన వాడల్లో మూడు లక్షణాలు కనిపించాయి: పేదరికం తక్కువ, తెల్లవారిలో జాతి పక్షపాతం తక్కువ, వాడలో కుటుంబంతో ఉన్న నల్లజాతి తండ్రులు ఎక్కువ. ఈ మూడవ లక్షణం, సొంత తండ్రి ఇంట్లో లేని పిల్లవాడికి కూడా మేలు చేసింది. తండ్రి బాధ్యత ఒక ఇంటి గడపలోపలే ఆగిపోయే విషయం కాదని దీనితో తెలుస్తోంది.

ఆరవ అడుగు: "మేము రాలేదా?" అన్న పోలికను జాగ్రత్తగా పరిశీలించండి

తెలుగువారి మధ్య ఈ చర్చ వస్తే తప్పకుండా ఎదురయ్యే వాదం ఇది. ఒక బాబాయికీ, అన్న కూతురికీ మధ్య మాట ఇలా సాగుతుందనుకోండి.

"నేను రెండు సూట్‌కేసులతో వచ్చానమ్మా. నాకు ఇక్కడ ఎవరూ లేరు. కష్టపడ్డాను, ఇల్లు కొన్నాను. వాళ్లెందుకు చేయలేరు?"

"మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు బాబాయ్. కానీ ఆ సూట్‌కేసులో ఇంజనీరింగ్ పట్టా కూడా ఉంది కదా? మీతో పాటు చదివినవారిలో ఎంతమందికి వీసా వచ్చింది?"

ఆ రెండవ ప్రశ్నే అసలు విషయం. అమెరికాలో పాతికేళ్లు దాటిన భారత సంతతి వారిలో నలుగురిలో ముగ్గురికి పైగా డిగ్రీ లేదా అంతకు మించిన చదువు ఉంది, దేశం మొత్తం మీద అది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. చదువుకున్నవారిని ఏరి పంపే జల్లెడ విమానం ఎక్కకముందే పనిచేసింది. నైజీరియా నుంచి వచ్చినవారి చదువును చూపించి, చర్మం రంగు అడ్డు కాదని వాదించేవారికి కూడా ఇదే సమాధానం వర్తిస్తుంది. అయితే ఆ ఉదాహరణలో ఒక నిజం ఉందని నిజాయితీగా ఒప్పుకోవాలి, రంగు దాటరాని గోడ కాదు. గోడ ఎత్తు, దాని దగ్గరికి ఎవరు ఎంత నిచ్చెనతో వచ్చారన్న దాన్ని బట్టి మారుతుంది.

ఇంకొక సంగతి కూడా ఆ బాబాయితో నెమ్మదిగా చెప్పవచ్చు. 1923లో, అమెరికాలో స్థిరపడిన భారతీయుడు భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946 చట్టం ఏడాదికి 100 మంది భారతీయులకే వలస అనుమతి ఇచ్చింది. ఆ తలుపును బార్లా తెరిచినది 1965 వలస చట్టం. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చిన కాలంలోనే, నల్లజాతి వారు జైళ్లకు వెళ్లి, దెబ్బలు తిని మార్చిన వాతావరణంలోనే అది కూడా వచ్చింది. ఈ మాట ఎదుటివారిని నోరు మూయించడానికి చెప్పకూడదు. వారి కష్టానికి గౌరవమిస్తూ చెబితే వింటారు.

ఏడవ అడుగు: పరిష్కారం దగ్గర, వయసునూ సమయాన్నీ అడగండి

1994లో మొదలై బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజలెస్, న్యూయార్క్ నగరాల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ప్రభుత్వ గృహసముదాయాల్లో నివసించే సుమారు 4,600 పేద కుటుంబాలు, ఎక్కువగా నల్లజాతి, లాటినో కుటుంబాలు, అందులో పాల్గొన్నాయి. లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువగా ఉన్న వాడలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. ఆ అవకాశం దొరికిన కుటుంబాల్లో దాదాపు సగం మాత్రమే మారగలిగాయి. ఎవరు ఎందుకు మారలేదన్నది నిర్ణయమా, ఇల్లు దొరకకపోవడమా అని చర్చించవచ్చు. మారిన పెద్దల సంపాదన పెరగలేదు, వారి ఆరోగ్యం, మానసిక స్థితి మాత్రం మెరుగయ్యాయి. మొదటి ఫలితాలు చూసి ప్రయోగం విఫలమైందని చాలామంది అనుకున్నారు.

2015లో, ఆ పిల్లలు పెద్దయ్యాక, లెక్క మారింది. 13 ఏళ్లలోపే మారిన పిల్లలు ఇరవైల మధ్య వయసుకు వచ్చేసరికి, మారని పిల్లలకన్నా సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వారిలో కాలేజీకి వెళ్లినవారు ఎక్కువ, ఒంటరి తల్లులైన ఆడపిల్లలు తక్కువ. మనం "వ్యక్తిగత ప్రవర్తన" అని పేరు పెట్టుకున్నదే ఇక్కడ వాడ మారగానే మారింది. పదమూడు దాటాక మారినవారికి మాత్రం ఆ మేలు కనబడలేదు. అందువల్ల ఎవరైనా ఒక పథకాన్ని సమర్థించినా, వ్యతిరేకించినా, అది ఎంత వయసు పిల్లలకు చేరుతుంది, ఫలితాన్ని ఎన్నేళ్ల తర్వాత కొలవబోతున్నారు, ఈలోగా ఆ ఇంట్లోని పెద్దల మీద ఏ భారం పడుతుంది అని అడగండి. ఐదేళ్లకే కొలిచి ఆపేసి ఉంటే, ఆ పిల్లల గురించి మనకు తెలిసేదే కాదు.